గోళ్లు పెట్టుకోబోతున్న చెల్లికి

చెల్లీ,

నిన్న రాత్రి నీ మెసేజ్ చూశాను. ఈసారి అతికించుకునే ప్రెస్-ఆన్ గోళ్లు కాదట, లిక్విడ్, పౌడర్ కలిపి గోటి మీదే గట్టిపరిచే అక్రిలిక్ గోళ్లు ఇంట్లో సొంతంగా పెట్టుకుంటావట, సెలవులు మూడు రోజులూ ఉంచుకుంటావట. చదివి ఎంత మురిసిపోయానో! మగాళ్లుగా పుట్టి, ఆడవాళ్లలా ముస్తాబయ్యేవాళ్లం మనం. అందులోనూ లిప్‌స్టిక్ వేసుకున్న ఫోటో పంపి, నేను చూశానని తెలియగానే డిలీట్ చేసిన మనిషివి నువ్వు. ఇప్పుడు గోళ్లతో నలుగురిలోకి వెళ్తానంటున్నావు. రెండు ముక్కల్లో జవాబిచ్చి పడుకుందామనుకున్నాను గానీ నిద్ర పడితేగా.

నీ మెసేజ్‌లో రంగుంది, ఆకారముంది, ఏ డ్రెస్ మీదికో కూడా ఉంది. తీసేయడం గురించి మాత్రం ఒక్క మాట లేదు. ఒరే నాన్నా, తీసే సామాను చేతిలో లేకుండా పెట్టుకునే సామాను డబ్బా మూత కూడా తీయకూడదు. తక్కినవన్నీ నేను చెప్పకపోయినా వీడియోలు చూసి నేర్చుకుంటావు.

పెట్టుకోవడం గురించి త్వరగా చెప్పేస్తాను. కిటికీలు తెరువు, మాస్క్ పెట్టుకో, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. గోటి మొదట్లో ఉండే పల్చటి చర్మాన్ని నెమ్మదిగా వెనక్కి నెట్టు. 180 గ్రిట్, అంటే ఓ మాదిరి గరుకు ఫైల్‌తో గోటి మెరుపు పోయేంతవరకే రుద్దు, అరగదీయకు. టిప్‌ని, అంటే పొడవు కోసం పెట్టే ప్లాస్టిక్ కొనని, గ్లూతో అతికించాక కత్తిరించి, అతుకు కనబడకుండా ఫైల్ చెయ్యి. అక్రిలిక్ గోటికి పట్టేందుకు ప్రైమర్ రాయి, యాసిడ్ లేనిది తీసుకో. బ్రష్‌ని లిక్విడ్‌లో ముంచి, పౌడర్‌లో తాకించి, వచ్చిన చిన్న ముద్దను గోటి మీద పెట్టి తట్టు. ముద్ద జారిపోతుంటే లిక్విడ్ ఎక్కువైనట్టు, పొడిపొడిగా ఉంటే తక్కువైనట్టు. దీనికి యూవీ దీపం అక్కర్లేదు, అది జెల్ గోళ్లకి. నిమిషాల్లో దానంతటదే గట్టిపడుతుంది. బ్రష్ కాడతో కొడితే టక్కుమనాలి, అప్పుడే ఫైల్ ముట్టుకో. ఓపిక ఉన్నప్పుడే ఎడమ చేత్తో కుడి చేతి గోళ్లు పూర్తి చెయ్యి. తర్వాత ఎడమ చెయ్యి సులువు.

గ్లూ చర్మం మీద పడితే దూదితో తుడవొద్దు. నూలుకూ దూదికీ ఆ గ్లూ తగిలితే ఒక్కసారిగా వేడెక్కి కాలుస్తుంది. నూలు గ్లవ్స్ కూడా వద్దు.

మన చేతులకు ప్రత్యేకంగా చెప్పాల్సినది సైజు. టిప్‌ల మీద అంకె తగ్గేకొద్దీ వెడల్పు పెరుగుతుంది, సున్నా అన్నిటికన్నా పెద్దది. నీ బొటనవేలికి బహుశా సున్నా కావాలి. అదీ చాలకపోతే పెద్ద సైజుల సెట్ విడిగా తెప్పించుకో. సన్నగా అందంగా ఉందని చిన్నదాన్ని బలవంతాన అతికిస్తే అంచులు గోటిని నొక్కుతాయి, ఆ తర్వాత సరిగ్గా నలుగురి ముందే ఊడుతుంది. ఒక సైజు పెద్దది తీసుకుని పక్కలు అరగదీసుకో. చతురస్రం వద్దు, వేళ్లు ఇంకా వెడల్పుగా కనిపిస్తాయి. కోలగా, బాదంగింజ ఆకారంలో అయితే చెయ్యి సన్నబడినట్టుంటుంది. పొడవు మాత్రం నువ్వు పంపిన ఫోటోలో ఉన్నంత వద్దే తల్లీ! మొదటిసారి కదా, డోర్ హ్యాండిల్‌కి తగిలితే లోపలి గోరు కూడా లేస్తుంది. కాంటాక్ట్ లెన్స్, స్టాకింగ్స్, వెనక హుక్కులు, మెడలో చెయిన్ కొక్కెం, వీటన్నిటినీ పొట్టి గోళ్లతో ఒకసారి ప్రాక్టీస్ చేసి చూడు, నేనెందుకు చెప్తున్నానో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. నాకొక స్నేహితురాలు ఉండేది, మనలాంటిదే. పేరు చెప్పను. ఇంట్లోవాళ్లు ఊరెళ్లారని ఇద్దరం వాళ్లింట్లో చేరాం. తను చవకగా దొరికిన కిట్ ఒకటి తెచ్చింది. దాని వాసన ఇల్లంతా పట్టేసింది, కళ్లు మండాయి. గోళ్లు మాత్రం ఎంత బాగా కుదిరాయనుకున్నావు! ముదురు ఎరుపు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంటూనే ఉంది, కప్పు పట్టుకున్నా ఆ గోళ్ల కోసమే పట్టుకున్నట్టుండేది. మర్నాడు సాయంత్రం ఫోన్ వచ్చింది. ఒకరోజు ముందే వచ్చేస్తున్నారు, స్టేషన్‌లో దిగారు కూడా.

ఇంట్లో ఉన్నది మామూలు పాలిష్ రిమూవర్, అదీ అక్రిలిక్‌ని కరిగించే అసిటోన్ లేని రకం. దాంతో ఎరుపు పోయింది, గోళ్లు అలాగే ఉన్నాయి. వేడి నీళ్లలో ముంచింది, లాభం లేదు. అప్పుడిక చెంచా కాడ అంచు కిందికి దూర్చి పైకెత్తడం మొదలుపెట్టింది. నేను మొహం కడుక్కుని వచ్చేసరికి మూడు ఊడి ఉన్నాయి. వాటి అడుగున తన సొంత గోటి పొరలు తెల్లగా అంటుకుని ఉన్నాయి. ఆగమంటే ఆగలేదు. "టైం లేదు, టైం లేదు" అంటూ పళ్లతో కూడా లాగింది. మధ్యవేలి గోరు గులాబీ రంగున్న చోట అడ్డంగా విరిగి రక్తం వచ్చింది. బైక్ చెయిన్‌లో చెయ్యి పడిందని ఇంట్లో అబద్ధం చెప్పింది. అన్ని వేళ్లకీ కట్లేంటని ఎవరూ అడగలేదు, మన అదృష్టం.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. మొదటి నుంచి చివరిదాకా కొత్త గోరు రావడానికి ఆర్నెల్లు. అన్నాళ్లూ పల్చటి గోళ్లతో చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా బాధే. నొప్పి పోయింది గానీ, ఆ వారమే తను బట్టలు, విగ్గు, చెప్పులు అన్నీ మూటగట్టి పారేసింది. భయపడ్డాక మనలో చాలామంది చేసే పనే అది. కొన్నాళ్లకు మళ్లీ కొనుక్కుంటాం. తను బట్టలు కొనుక్కుంది గానీ గోళ్ల జోలికి మాత్రం మళ్లీ రాలేదు. తప్పు చేసినందుకు శిక్ష పడిందనుకుంది. నాకు కోపమొచ్చేది దానికి! తప్పు గోళ్లు పెట్టుకోవడం కాదు కదా, ఒక సీసా తక్కువ కొనడం.

ఆ రోజు మా ఇద్దరికీ తెలియని సంగతి ఒకటుంది, నువ్వు గుర్తుపెట్టుకో. అక్రిలిక్‌ని అప్పటికప్పుడు తీసేయనక్కర్లేదు. నెయిల్ కట్టర్‌తో పొట్టిగా కత్తిరించి, రంగు తుడిచి, పైన మెరుపు పోయేలా బఫర్‌తో, అంటే మెత్తటి ఫైల్‌తో రుద్దితే చాలు, కాస్త దూరం నుంచి మామూలు గోళ్లలాగే ఉంటాయి. పది నిమిషాల పని. మిగతాది తీరుబడిగా తీసుకోవచ్చు.

ఆ కిట్ సంగతి కూడా చెప్పాలి. ఊడిన ముక్కల్ని తర్వాత అసలైన అసిటోన్‌లో వేసి చూశాం, చాలాసేపు ఉంచినా కరగలేదు. అది ఎంఎంఏ, అంటే మిథైల్ మెథాక్రిలేట్ లిక్విడ్ అయి ఉండాలి. అది అసిటోన్‌కి సరిగ్గా లొంగదు. గోటికి గట్టిగా పట్టేస్తుంది కాబట్టి దెబ్బ తగిలితే అది విరగదు, అడుగునున్న నీ గోరు విరుగుతుంది. అచ్చంగా దానితోనే చేసిన గోళ్ల లిక్విడ్‌లను అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1970ల్లోనే మార్కెట్ నుంచి తీయించింది. సీసా మీద ఈఎంఏ, అంటే ఇథైల్ మెథాక్రిలేట్ అని ఉందో లేదో చూసుకో. ఏమీ రాయని సీసా ఎంత చవకైనా వద్దు.

ఇక తీయడం. సాయంత్రం గంట, గంటన్నర దానికే కేటాయించు. ముందు పొడవు కత్తిరించు. ముతక ఫైల్‌తో పైపొర, రంగు అరగదీసి అక్రిలిక్‌ని పల్చన చెయ్యి. చుట్టూ చర్మానికి వ్యాజిలిన్ రాయి. దూదిని అచ్చమైన అసిటోన్‌లో తడిపి గోటి మీద పెట్టి, ఫాయిల్ చుట్టు. ఇరవై, ముప్పై నిమిషాలు కదలకు. పాటలు విను. విప్పి చూస్తే తడిసిన అట్టలా మెత్తబడి ఉండాలి, చెక్క పుల్లతో నెడితే దానంతటదే రావాలి. రాకపోతే మళ్లీ చుట్టు. మళ్లీ రాకపోతే మళ్లీ చుట్టు. లాగితే మాత్రం ఊరుకోను.

అసిటోన్ గబుక్కున అంటుకుంటుంది, దాని ఆవిరి కూడా. వంటగదిలో పెట్టుకోకు, సిగరెట్ దగ్గరికి రానివ్వకు, త్వరగా అవుతుందని వేడి చెయ్యకు. గాజు గిన్నె వాడు, కొన్ని ప్లాస్టిక్‌లు అందులో కరిగిపోతాయి. టేబుల్ పాలిష్ కూడా పోతుంది. తీశాక గోళ్లు తెల్లగా, ఎండిపోయినట్టు కనిపిస్తే కంగారుపడకు, కడుక్కుని నూనె రాయి.

అన్నట్టు, నువ్వు నవ్వుకుంటూ ఉంటావు. నీ ఇంట్లో తెలుసు. కుడి చెయ్యి తనే ఫైల్ చేస్తానని నీ భార్య అందని కూడా రాశావు. నీకు స్టేషన్ నుంచి వచ్చే ఫోన్ భయం లేదు. కాలింగ్ బెల్ మోగితే ముందు వేళ్లు చూసుకునే అలవాటు నాది. నా భయం నీకు అంటించకూడదని తెలుసు, అయినా రాసేశాను.

నీకు నిజంగా భయపడాల్సింది ఒకటుంది, నేనే చివరికి నెట్టేశాను. గట్టిపడని లిక్విడ్ చర్మానికి అంటనివ్వకు. గోటి మొదట్లో చర్మం దాకా పోకుండా సన్నని సందు వదులు. మాటిమాటికీ తగిలితే అలర్జీ రావచ్చు, వస్తే జీవితాంతం పోదు. పళ్లకు వేసే కొన్ని ఫిల్లింగ్‌లలో, కీళ్ల ఆపరేషన్లలో వాడే సిమెంట్‌లో కూడా ఈ జాతి రసాయనాలే ఉంటాయి, రేపు అక్కడా ఇబ్బందే. గోటి చుట్టూ దురద, ఎరుపు, పొక్కులు కనిపిస్తే "ఈ ఒక్కరోజూ ఉంచుకుంటా" అనొద్దు. వెంటనే తీసేసి చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లు. గోళ్లు పెట్టుకున్నానని డాక్టర్‌కి దాచకు, అది చెప్తేనే మందు కుదురుతుంది. నీ భార్య ఫైల్ చేసేటప్పుడు ఆమెకీ మాస్క్ ఇవ్వు.

అసిటోన్, ఫాయిల్, వ్యాజిలిన్ కొన్నాక నాకు ఫోటో పంపు. గోళ్ల ఫోటో ఆ తర్వాత. ఈసారి మాత్రం డిలీట్ చేస్తే తంతాను.

మీ అక్క