డీజిల్ చవక అన్నది మన ఊరి లెక్క

ప్రశ్న: నేను డాలస్ వచ్చి పది నెలలైంది. హెచ్1బీ మీద ఉన్నాను. వచ్చే వేసవికి అమ్మానాన్న, ఆ వెంటనే అత్తామామ వస్తున్నారు. ఏడుగురు కూర్చునే పెద్ద బండి కొనాలనుకుంటున్నాం. ఆఫీసులో ఒకాయన "డీజిల్ తీసుకో, మైలేజీ బాగా ఇస్తుంది, ఇంజను ఇరవై ఏళ్ళు చెక్కుచెదరదు" అంటున్నారు. గ్యాస్ బండి (ఇక్కడ పెట్రోలునే గ్యాస్ అంటారు కదా) అయితే కొంత తక్కువకి దొరుకుతోంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు నా సంగతి చెప్తాను, ఓపిగ్గా విను. ఆ తర్వాత నీ లెక్క నువ్వే వేసుకోగలవు.

మా నాన్నకి చిలకలూరిపేటలో రెండు లారీలుండేవి. మా ఇంట్లో డీజిల్ అంటే సంపాదించి పెట్టేది, పెట్రోలు అంటే డబ్బు తగలేసేది. ఆ మాటలో తప్పు కూడా లేదు. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే, డీజిల్ 41 కూడా లేదు. ప్రభుత్వం డీజిల్ ధరని పట్టి ఉంచింది కాబట్టి అంత తేడా. 2014 అక్టోబరులో ఆ పట్టు వదిలేశారు. అప్పటికే నేను అమెరికాలో ఉన్నాను. నా మనసులో మాత్రం పాత ధరలే ఉండిపోయాయి.

2014 మార్చిలో ఇక్కడే, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఒక వాడిన డీజిల్ ఎస్‌యూవీ చూశాను. మూడు లీటర్ల ఇంజను, మూడు వరసల సీట్లు. 22 వేల డాలర్లన్నారు. టెస్ట్ డ్రైవ్‌లో ఆ ఇంజను లాగుడు చూసి ముచ్చటపడ్డాను. పక్కనే ఉన్న గ్యాస్ బండి గ్యాలనుకి 18 మైళ్ళు ఇస్తే ఇది 23 ఇస్తుందని రాసి ఉంది. నాకు అదొక్కటే కనబడింది. ఇక్కడ గ్యాలను డీజిల్ గ్యాస్ కంటే యాభై సెంట్ల పైనే ఎక్కువ ఉందని ఇంటికి తెచ్చుకుని, మొదటిసారి ట్యాంకు నింపాక గానీ గ్రహించలేదు. రోజూ బంకు ముందు నుంచే ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. బోర్డు మీద డీజిల్ ధర అంత పెద్ద అంకెల్లో ఉంటుంది, ఒక్కసారి కూడా తల ఎత్తి చూడలేదు.

అమెరికాలో డీజిల్ మీద కేంద్ర పన్ను కూడా ఎక్కువే. గ్యాలను గ్యాస్ మీద 18.4 సెంట్లు, డీజిల్ మీద 24.4 సెంట్లు. రాష్ట్రాల పన్నులు వేరే, అవన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి, చూసుకో.

అసలు దెబ్బ అది కాదు. లోను. నాకప్పటికి క్రెడిట్ హిస్టరీ, అంటే ఇక్కడ అప్పులు తీసుకుని సరిగ్గా కట్టిన రికార్డు, పెద్దగా లేదు. డీలరు 14.9 శాతం వడ్డీకి అయిదేళ్ళ లోను ఇప్పించాడు. నెలకు 522 డాలర్లు. నేను ఆ 522 ఒక్కటే చూసి, జీతంలో సర్దుకోవచ్చులే అనుకున్నాను. మొత్తం కూడితే వడ్డీయే 9,300 డాలర్లు. ఊళ్ళో నాన్న నా ఎమ్మెస్ చదువు కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరనే లేదు. ఇక్కడేమో గ్యాలనుకి అయిదు మైళ్ళు ఎక్కువ వస్తాయని మురిసిపోయి 9,300 వడ్డీకి సంతకం పెట్టాను. ఆ రోజు సంతకం పెట్టకుండా ఇంటికొచ్చి, ఒక కాగితం మీద కూడి చూసి ఉంటే నాకే తెలిసేది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇక ఎనిమిది నెలలకి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. ఇక్కడి డీజిల్ బళ్ళలో పొగగొట్టానికి ఒక వడపోత ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. మసి అందులో చేరుతుంది. బండి హైవే మీద ఒకే వేగంతో కాసేపు పరిగెత్తితే ఆ వేడికి మసి కాలిపోయి వడపోత శుభ్రపడుతుంది. మన అపార్ట్‌మెంటు నుంచి ఆఫీసుకి నాలుగు మైళ్ళు, పిల్ల డేకేర్‌కి రెండు మైళ్ళు, ఇండియన్ స్టోరుకి మూడు మైళ్ళు తిరిగితే ఇంజను వేడెక్కే లోపే ఆపేస్తాం. మసి కాలదు, పేరుకుంటుంది. నేను ఆ దీపాన్ని రెండు వారాలు పట్టించుకోలేదు. చివరికి బండి ముందుకి సాగనని మొండికేసింది. వడపోత మార్చి, దాని సెన్సర్లు మార్చి 3,800 డాలర్ల బిల్లు చేతిలో పెట్టారు. అప్పటి మారకం లెక్కలో దాదాపు 2 లక్షల 30 వేల రూపాయలు. ఆ ఏడాది అమ్మకి పంపాలనుకున్న డబ్బంతా అందులోకే పోయింది. అమ్మకి ఫోన్‌లో ఏమీ చెప్పలేదు, వచ్చే నెల పంపుతాననే అన్నాను.

ఇంకొకటి జరిగింది, ఇది బాగా గుర్తుపెట్టుకో. ఒకసారి రాత్రిపూట హ్యూస్టన్ నుంచి వస్తూ దారిలో ఒక బంకు దగ్గర ఆగాను. ఇక్కడ చాలా చోట్ల డీజిల్ నాజిల్ పిడి ఆకుపచ్చగా ఉంటుంది. ఆ బంకులో ఆకుపచ్చ పిడి గ్యాస్‌ది. నేను రంగు చూసి తీసేసుకున్నాను. గ్యాస్ నాజిల్ గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి డీజిల్ ట్యాంకులోకి సులువుగా దూరుతుంది. గ్యాస్ బండిలో డీజిల్ పోయాలన్నా మామూలుగా ఆ లావుపాటి నాజిల్ పట్టదు. డీజిల్ బళ్ళన్నిటికీ ఆ రక్షణ ఉండదు. నాలుగు గ్యాలన్లు పడ్డాక వాసన తేడా అనిపించి ఆపాను. లారీలాయన కొడుకుని కాబట్టి ఒకటి మాత్రం తెలుసు, ఇంజను స్టార్ట్ చేయకూడదు. డీజిల్ పంపుకి ఆ నూనె జిడ్డే రక్షణ, గ్యాస్ వెళ్తే లోహం లోహంతో రాసుకుని పంపు, ఇంజెక్టర్లు పాడైపోతాయి. తాళం ముట్టుకోకుండా టో ట్రక్కుని పిలిచి, ట్యాంకు ఖాళీ చేయించాను. 640 డాలర్లతో బయటపడ్డాను. స్టార్ట్ చేసి ఉంటే వేలల్లో పోయేది. అందుకే చెప్తున్నాను, రంగు చూడకు, అక్షరాలు చదువు. మీ ఆవిడకీ, మీ బండి అడిగి తీసుకెళ్ళే స్నేహితులకీ కూడా చెప్పు.

ఇప్పుడు నీ లెక్కకి వద్దాం. షెవర్లే టాహో లాంటి పెద్ద బండి గ్యాస్ ఇంజనుతో గ్యాలనుకి సుమారు 18 మైళ్ళు, మూడు లీటర్ల డీజిల్ ఇంజనుతో సుమారు 24 ఇస్తుందనుకో. ఏడాదికి 12 వేల మైళ్ళు తిరుగుతావనుకో. గ్యాస్ అయితే 667 గ్యాలన్లు, డీజిల్ అయితే 500. గ్యాస్ 2.80, డీజిల్ 3.50 ఉంటే ఒకదానికి 1,867 డాలర్లు, రెండోదానికి 1,750. ఏడాదంతా తిరిగితే మిగిలేది 117 డాలర్లు, అంటే నెలకు పది కూడా లేవు. డీజిల్ మరో పాతిక సెంట్లు పెరిగితే అదీ మిగలదు. ఫ్యూయల్ ఫిల్టర్లు డీజిల్‌కి ఖరీదెక్కువ. డెఫ్ అని యూరియా ద్రావణం వేరే ట్యాంకులో పోస్తుండాలి. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన ఊళ్ళో కొత్త లారీలకీ పోస్తున్నారు కదా, అదే. అది అయిపోయేదాకా చూస్తూ కూర్చుంటే కంప్యూటరే బండిని నెమ్మది చేసేస్తుంది. మీ ఆఫీసాయన ఇంజను ఇరవై ఏళ్ళు ఉంటుందన్నది నిజమే కావచ్చు. కానీ ఆ ఇంజను చుట్టూ బిగించిన వడపోతలు, సెన్సర్లు, పంపులు అన్నేళ్ళు ఉండవు, ఖర్చంతా వాటి దగ్గరే. ఎవరైనా "ఆ వడపోత పీకించేస్తే గొడవ వదిలిపోతుంది" అంటే వినకు, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. వీసా మీద ఉన్నవాడివి, అలాంటి పనుల జోలికి అస్సలు పోకు.

డీజిల్ ఎవరికీ పనికిరాదని అనడం లేదు. మా కరీంనగర్ మిత్రుడు ఒకతను హ్యూస్టన్ దగ్గర కేటీ అనే ఊరికి అవతల పన్నెండు ఎకరాలు కొని మేకలు పెంచుతున్నాడు. గడ్డి మోపులు, మేకలు, ఒక్కోసారి ట్రాక్టరు కూడా ట్రెయిలర్ మీద వేసుకుని పదివేల పౌన్ల బరువు లాగుతాడు. ఏడాదికి పాతికవేల మైళ్ళు. అతని దగ్గర ఉన్నది త్రీక్వార్టర్ టన్ అనే, పెద్ద బరువులు లాగే తరగతి డీజిల్ ట్రక్కు. ఆ తరగతి ట్రక్కుల్లో డీజిల్ ఇంజను కావాలంటే గ్యాస్ కంటే సుమారు పదివేల డాలర్లు ఎక్కువ పెట్టాలి, ఆయిల్ మార్చిన ప్రతిసారీ పది నుంచి పదమూడు క్వార్టులు పోయాలి. అయినా అతనికి గిట్టుబాటే. బరువు మీద ఉన్నప్పుడు గ్యాస్ ఇంజను మైలేజీ బాగా పడిపోతుంది, డీజిల్ తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గరే బలంగా లాగుతుంది. ఒకసారి కొలరాడో వెళ్ళేటప్పుడు 7,800 అడుగుల ఎత్తున్న రేటన్ పాస్ అనే కొండ కనుమ దిగుతూ, ట్రెయిలర్ ఉన్నా, పొగని అడ్డగించి ఇంజనుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు ఉండబట్టి కాలి బ్రేకు ఎక్కువ తొక్కకుండానే కిందికి వచ్చామన్నాడు. నీకు మేకలున్నాయా, ట్రెయిలర్ ఉందా? అమ్మానాన్నని గుడికీ, నయాగరాకీ తిప్పడానికి ఇంత యంత్రం అక్కర్లేదు.

మంచు ప్రాంతాలకి, మిన్నెసోటా వైపు, ఉద్యోగం మారే ఆలోచన ఉంటే ఇంకో సంగతి. గడ్డకట్టే చలిలో డీజిల్ చిక్కబడిపోతుంది. అక్కడివాళ్ళు చలికాలపు డీజిల్ వాడతారు, రాత్రిళ్ళు ఇంజనుకి కరెంటు హీటరు తగిలిస్తారు. అపార్ట్‌మెంటు పార్కింగులో ఆ ప్లగ్ ఎక్కడుంటుంది?

కాబట్టి నా మాట: గ్యాస్ బండే తీసుకో. ఇంకా డబ్బు మిగలాలంటే పెద్ద ఎస్‌యూవీ పట్టుదల కాస్త పక్కనపెట్టి మినీవ్యాన్ చూడు. టయోటా సియెన్నా 2021 మోడల్ నుంచి హైబ్రిడ్‌లోనే వస్తోంది, గ్యాలనుకి 36 మైళ్ళదాకా ఇస్తుంది. జారే తలుపులు, ఎక్కే చోట ఎత్తు తక్కువ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు తేలిగ్గా ఎక్కుతారు. మా అత్తగారు ఎస్‌యూవీ ఎక్కడానికి ప్రతిసారీ నా భుజం పట్టుకోవాల్సి వచ్చేది. "వ్యానా" అని స్నేహితులు అంటారు, అననీ. వాళ్ళు నీ నెల వాయిదా కట్టరు. నేను ఆ డీజిల్ బండిని 2017లో నష్టానికి అమ్మి, అప్పు తీర్చి, ఆ తర్వాత కొన్న రెండు బళ్ళూ సొంత డబ్బుతోనే కొన్నాను. ఈ రోజు నా ఇంటి ముందున్న బళ్ళ మీద ఏ బ్యాంకు పేరూ లేదు.

షోరూముకి వెళ్ళే ముందు ఏదైనా క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) లోను అడిగి, ఎంత వడ్డీ ఇస్తారో కాగితం చేతిలో ఉంచుకో. కొందరు వీసా గడువుకి మించి లోను ఇవ్వరు, ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే నీ ఐ-94 కాగితంలో తేదీ ముందే చూసుకో. డీలరు నెల వాయిదా గురించే మాట్లాడతాడు, నువ్వు మొత్తం ఎంత కట్టాలో అడుగు. ఆ కాగితం ఇంటికి తెచ్చి, మీ ఆవిడతో కూర్చుని కూడి చూడు. అర్థం కాకపోతే వివరాలు నాకు రాయి, నేను కూడి చెప్తాను. సంతకం మాత్రం ఆ రోజే పెట్టకు.