సాక్ష్యం చెప్పమంటున్నారు, నాకు నోరు రావడం లేదు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పెద్ద గ్రామం. నేను ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. మొన్న, 2020 ఆగస్టులో మా ఇంట్లో నలుగురికి కరోనా సోకింది. ముగ్గురం కోలుకున్నాం. మా మామగారు తొమ్మిదో రోజున ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన సమయంలో మావారిని, మా బావగారిని మాత్రమే దూరంగా నిలబడి చూడనిచ్చారు. ‘నీ ఉద్యోగమే మా నాన్నను మింగింది’ అన్న బావగారు ఆనాటి నుంచి మా గడప తొక్కలేదు. మామగారు ఇరవై ఏళ్లుగా ప్రతి డిసెంబరులో ఇంటిముందు పందిరి వేయించి, కృతజ్ఞత కూడిక పెట్టి, రెండు వందల మందికి భోజనం పెట్టేవారు. ఈ ఏడు కూడా అలాగే జరగాలని, మిగిలినవాళ్లం బతికి బయటపడినందుకు నేను లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఆమెకు 68 ఏళ్లు, చక్కెర జబ్బు ఉంది. జనాన్ని పోగుచేయడం ప్రమాదమంటే, నాకు విశ్వాసం లేదంటున్నారు. ఆగస్టు నుంచి నాకు సరిగా నిద్ర లేదు. దేవునికి కృతజ్ఞత చెప్పలేకపోవడం పాపమా? ఈ కూడికను ఎలా ఆపాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు ముందుగా గుర్తుకు వచ్చింది నేను చేసిన తప్పు. ఈ సెప్టెంబరులో, భర్తను పోగొట్టుకున్న ఒక సోదరి ఇంటికి ఆదరణ చెప్పడానికి వెళ్లి, కూర్చున్న పది నిమిషాలలోనే, పిల్లలు క్షేమంగా ఉన్నందుకు దేవునికి స్తోత్రం చెప్పమ్మా అన్నాను. ఆమె తల వంచుకుని, నేను చెప్పమన్న మాట చెప్పింది. ఆ తర్వాత చాలా వారాలు ఆమె నా ఫోను ఎత్తలేదు. నేను ఆమెకు చెప్పింది అబద్ధం కాదు, కాని ఆమె కన్నీళ్లు ఆరకముందే వాటికి రసీదు అడిగినట్టు అడిగాను. మీ విషయంలో ఆ తొందర పడను.

పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రికలో, ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించమన్న మాట ఉన్నది. మన తెలుగు తర్జుమాలో ఆ ‘అందును’ అనే విభక్తిని గమనించండి. మామగారి మరణం కోసం కృతజ్ఞత చెప్పమని అక్కడ లేదు, ఆ మరణం నడుమ నిలబడి కూడా దేవునివైపు తిరిగి ఉండమని ఉన్నది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో ‘సమస్తమును గూర్చి’ అని కూడా ఉన్నది కదా అని మీ సంఘంలో ఎవరైనా పెద్దవారు అడగవచ్చు. ఉన్నది, నేను దాచను. అయితే లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచిన తర్వాతనే తండ్రికి కృతజ్ఞత చెప్పాడన్న వరుసను కూడా వారు యోహాను సువార్తలో చూడాలి. కీర్తనలు మొత్తం 150 ఉంటే, వాటిలో ‘ఎంతకాలము’ అని దేవుణ్ణి నిలదీసేవి, ఏడ్చేవి ఎన్నో ఉన్నాయి. 88వ కీర్తన అయితే చివరికి కూడా వెలుగులోకి రాదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అటువంటి కీర్తనను ఆరాధనలో చదవడానికి ఉంచిన దేవుడు మీ మౌనాన్ని కృతఘ్నతగా లెక్కవేస్తాడని నేను అనుకోను. సాక్ష్యం అనేది చూచినవారు చూచినంతవరకు చెప్పేది. మీరు ఇంకా చూడనిదాన్ని చూచినట్టు చెప్పమంటే, అది సాక్ష్యం కాదు.

రెండవ సంగతి మీ బావగారి మాట. మీకు చేసిన పరీక్ష వైరసు ఉన్నదా లేదా అని చెప్పింది, ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేదు. ఆగస్టు చివరలో మన రాష్ట్రంలో రోజుకు పదివేల కేసులు నమోదవుతున్న రోజులవి. పాలకేంద్రం, మందుల దుకాణం, పలకరింపుకు వచ్చిన బంధువు, ఏ దారిలో వచ్చిందో మనిషి తేల్చగలిగిన సంగతి కాదు. ఇదంతా నాకంటే మీకు బాగా తెలుసు, ఎందుకంటే ఊరిలో ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నది మీరే. అయినా తెలిసినది మనసుకు పట్టడం లేదు. దుఃఖానికి ఒక ముద్దాయి కావాలి అమ్మా. ముద్దాయి దొరికితే మరణానికి ఒక కారణం దొరికినట్టు ఉంటుంది. మీ బావగారు తండ్రి శవాన్ని మోయలేకపోయిన కొడుకు. ఆయన మాట అన్యాయమైనది, దానిని మీరు ఒప్పుకోనక్కరలేదు. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా మీది కాదు, మీ భర్తది. అన్న దగ్గరకు ఆయనే వెళ్లి, వాదించకుండా, ‘ఆమె కూడా నాన్నకు సేవ చేసి, తానూ పడిపోయింది’ అన్న ఒక్క మాట చెప్పి రావాలి. అంతకంటే ఎక్కువ ఇప్పుడు చెప్పినా ఆయన చెవికి ఎక్కదు.

ఇక కూడిక. మీరు ఎలా ఆపాలని అడిగారు. ఆపవద్దని నా సలహా, మార్చండి.

మీ అత్తగారు ఎందుకు ఇంత పట్టుబడుతున్నారో ఒక్కసారి ఆలోచించండి. మన ఇళ్లలో ఒక మనిషి నిద్రిస్తే సంఘమంతా వస్తుంది, రాత్రంతా పాటలు పాడతారు, పెట్టె వెనుక ఊరంతా నడుస్తుంది, తర్వాత ఆదరణ కూడిక, ఆ తర్వాత జ్ఞాపకార్థ కూడిక జరుగుతాయి. ఆమెకు వీటిలో ఏ ఒక్కటీ దక్కలేదు. నలభై ఏళ్లకు పైగా కలిసి బతికిన మనిషి ఆసుపత్రికి ఆటోలో వెళ్లి తిరిగి రాలేదు, అంతే. అంత్యక్రియలకు ఇరవై మందికి మించరాదన్న నియమం రోజులవి. కరోనాతో పోయినవారికైతే ఆ ఇరవై మంది కూడా రాలేదు. ఆమె అడుగుతున్నది కృతజ్ఞత కూడిక పేరుతోనే గాని, నిజానికి ఆమెకు కావలసింది జరగకుండా పోయిన ఆ ఆదరణ కూడిక అని నాకు అనిపిస్తున్నది. పందిరి, భోజనం, జనం లేకపోతే భర్త రెండోసారి అనామకంగా వెళ్లిపోయినట్టు ఆమెకు ఉంటుంది. కాబట్టి ‘ప్రమాదం, వద్దు’ అని మీరు చెప్పిన ప్రతిసారీ ఆమెకు వినిపించేది ‘ఆయన కోసం ఎవరూ రానక్కరలేదు’ అన్న మాట. ఇది మీ ఉద్దేశం కాదు, కాని ఆమెకు చేరుతున్నది అదే.

విశ్వాసం లేకపోవడం అన్న నిందకు మీ జిల్లాలోనే జవాబున్నది. 1876 నుంచి 1878 వరకు సాగిన పెద్ద కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంతభాగం తవ్వకం పని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, ఆ సహాయం జరిగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశారు. దయ చూపినందుకు ప్రతిఫలం అడగని ఆ పద్ధతి నాకు ఎప్పుడూ గౌరవంగానే కనిపిస్తుంది. కరవు తగ్గాక, 1878 వేసవి చివరలో, బోధకులను కూడిరమ్మని పిలవవలసి వచ్చినప్పుడు ఒంగోలులో మశూచి ఉన్నది. ఆయన కూడికను మానలేదు, మశూచి ఉన్న ఊరికీ పిలవలేదు. పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మని కబురు పంపారు. జూలై 3వ తేదీన అక్కడ ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారని మీ అత్తగారు చిన్నప్పటి నుంచి విని ఉంటారు. చోటు మార్చడం అవిశ్వాసమైతే ఆ సంగతి చరిత్రలో ఆ చోట జరిగేది కాదు. ఆమెకు నా మాటగా ఇది చెప్పండి. కోడలి నోట వైద్యశాఖ నిబంధన విన్నట్టు కాకుండా, తన పెద్దల కథ విన్నట్టు వింటారు.

మార్చడం ఎలాగో కూడా చెబుతాను. కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలను తెరవనిచ్చినప్పుడు ఆరడుగుల దూరం పాటించమన్నది, 65 ఏళ్లు దాటినవారిని, చక్కెర వంటి జబ్బులున్నవారిని, గర్భిణులను, పదేళ్లలోపు పిల్లలను ఇంటిపట్టున ఉండమన్నది, గాయక బృందాలకు బదులు రికార్డు పాటలు పెట్టుకోమన్నది. ఈ చివరిదే మన సంఘాలకు మింగుడుపడలేదు. పాట లేని కూడిక మనకు ఉప్పులేని కూర. అయితే గొంతెత్తి పాడినప్పుడు నోటి నుంచి తుంపరలు ఎక్కువగా, ఎక్కువ దూరం వెళతాయి కాబట్టి, మూసిన గదిలో గంటసేపు పాడటమే అన్నిటికంటే ప్రమాదం.

అందువల్ల కూడికను రాత్రి నుంచి సాయంత్రం నాలుగు గంటలకు మార్చండి. పందిరికి పరదాలు కట్టవద్దు, గాలి ఆడాలి. కుర్చీలను ముందురోజే దూరం కొలిచి వేయించి, ఎన్ని పట్టాయో అంతమందినే పిలవండి. మీ వాకిలిలో ముప్పై పడితే ముప్పై మందే. ముందే పేర్లు అనుకుని, ఒక్కొక్కరికి మీ భర్త స్వయంగా ఫోను చేస్తే, పిలవనివారికి కోపం రాకుండా సర్దిచెప్పడం కూడా ఆ ఫోనులోనే అయిపోతుంది. అత్తగారి కుర్చీ వసారా మీద, అందరికీ కనబడేలా, అందరికీ దూరంగా ఉండాలి. మాస్కు తీయకుండా ఒక్కరు పాడితే చాలు, మిగిలినవారు మనసులో కలుస్తారు. వాక్యం, ప్రార్థన, ఒక జ్ఞాపకం, అన్నీ కలిపి నలభై నిమిషాలు మించనివ్వకండి. పాస్టర్లకు ఇది కష్టమని నాకు తెలుసు, కాబట్టి మీ సంఘకాపరికి ముందే చెప్పించండి, అవసరమైతే ఈ జవాబు చూపించండి. చేతులు కలపడం, కౌగిలించుకోవడం వద్దు. మనకు దూరం నుంచే చేతులు జోడించి ‘వందనాలు’ చెప్పే అలవాటు ఉండనే ఉన్నది.

భోజనం సంగతి మీ అత్తగారికి అన్నిటికంటే ముఖ్యం, దానిని తీసివేయకండి. రెండు వందల మందికీ వండించండి, కాని పంక్తి వేయకండి. వంటవాళ్లు ముగ్గురికి మించకుండా, మాస్కులతో వండితే, పొట్లాలు కట్టించి యువకుల చేత ఇళ్లకు పంపించండి. మొదటి పొట్లాలు ఈ ఏడాది మరణం జరిగిన ఇళ్లకు వెళ్లాలి, వారు మన సంఘంవారైనా కాకపోయినా. ఆ ఇళ్ల జాబితా మీ దగ్గర ఉన్నట్టు ఊరిలో మరెవరి దగ్గరా ఉండదు. ఏ ఇంట్లో ఎవరు మిగిలారో, ఎవరికి పథ్యం కావాలో మీకు తెలుసు. అయితే పొట్లంతో పాటు కరపత్రం పెట్టవద్దు, ఇంటివారి పేరు, మామగారి పేరు చాలు. మీరు నోటితో చెప్పలేని సాక్ష్యాన్ని ఆ జాబితా రాస్తూ కొంత చెప్పినవారవుతారని నా అభిప్రాయం. కాకపోయినా నష్టం లేదు, ఆకలి తీరుతుంది.

సాక్ష్యాల వంతు వచ్చినప్పుడు మీ పేరు పిలవవద్దని మీ భర్త సంఘ పెద్దతో ముందే మాట్లాడాలి. అప్పటికప్పుడు పదిమందిలో తల అడ్డంగా ఊపడం మీకూ అవమానం, అత్తగారికీ అవమానం. మీకు బదులు అత్తగారినే మామగారి గురించి నాలుగు మాటలు చెప్పమనండి. స్తోత్రంతో మొదలుపెట్టి ఏడుపుతో ముగిస్తే ముగించనివ్వండి, మధ్యలో ఎవరూ పాట ఎత్తుకుని ఆపవద్దు.

నిద్ర విషయం చిన్నది కాదు. మూడు నెలలుగా నిద్ర లేకపోతే అది దుఃఖం దాటి జబ్బుగా మారుతూ ఉండవచ్చు. ఊరందరికీ మాత్రలు పంచే మీరు మీ ఒంటిని మాత్రం వైద్యుడికి చూపించుకోలేదని ఉత్తరం చదివితేనే తెలుస్తున్నది. ఈ వారంలోనే సెలవు పెట్టి, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే వారం కూడా ఆగవద్దు, ఈ రోజే మీ భర్తకు చెప్పి ఇద్దరూ కలిసి వెళ్లండి. ప్రార్థన చేసేవారికి మందులెందుకు అనేవారుంటే, పౌలు తన కుమారునివంటి తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడే గాని ఉపవాసం ఉండమనలేదని చెప్పండి.

చివరగా ఒక పని, కూడికకు ముందే చేయవలసింది. మీ అత్తగారు ఇంతవరకు సమాధి చూచినట్టు మీ ఉత్తరంలో లేదు. చూడలేదనే అనుకుంటున్నాను. ఒక ఉదయం ఎండ ఎక్కకముందు, మీరు, మీ భర్త, ఆమె, ముగ్గురే వెళ్లండి. ఒక బకెట్టు సున్నం, కుంచె, ఇంటి పెరటి బంతిపూలు తీసుకువెళ్లండి. సున్నం ఆమె చేతనే వేయించండి, ఎంతసేపు పట్టినా సరే. వెళ్లే రోజు ఏదో మీ బావగారికి కూడా కబురు చేయించండి. వస్తే రెండో కుంచె ఆయన చేతికి ఇవ్వండి. రాకపోతే ఒక పక్క సున్నం వేయకుండా వదిలి రండి.