కాలేజీ వ్యాసంలో పిల్లల గొంతే వినిపించాలి

ఇంటర్ తర్వాత ర్యాంకును బట్టి సీటు తేలిపోయే పద్ధతికి అలవాటుపడి అమెరికా వచ్చిన తల్లిదండ్రులకు, ఇక్కడ దరఖాస్తుతో పాటు పిల్లలు తమ గురించి వ్యాసం రాయాలనడం మొదట్లో అయోమయంగానే ఉంటుంది. చాలా కాలేజీలు అంగీకరించే ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తు కామన్ యాప్‌లో ఈ వ్యాసం 650 పదాలు మించకూడదు. అందులోని ఏడు ప్రశ్నల్లో చివరిది నచ్చిన అంశం మీద రాసుకోనిస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మాత్రం ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాలు మించకుండా జవాబులివ్వాలి.

ఎమ్మెస్‌కు వచ్చిన బంధువుల ఎస్ఓపీని (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) దయచేసి పిల్లల చేతికి నమూనాగా ఇవ్వకండి. అది చదువు, ప్రాజెక్టులు, లక్ష్యాలు చెప్పే పత్రం. ఈ దరఖాస్తులో మార్కులు ట్రాన్‌స్క్రిప్టులో (స్కూలు ఇచ్చే మార్కుల పత్రంలో), పోటీలు, సేవా కార్యక్రమాలు వాటి జాబితాలో ముందే ఉంటాయి కాబట్టి, వాటినే మళ్లీ ఏకరువు పెడితే ఉన్న కాస్త చోటూ వృథా అవుతుంది.

నాకు తెలిసిన ఒక అమ్మాయి మొదటి ప్రతిలో, అమ్మమ్మ షుగర్ జబ్బు చూసి డాక్టర్ కావాలనుకున్నానని రాసింది. మంచి మాటే కానీ, అది ఎవరైనా రాయగలిగినది. అసలేం జరిగిందని అడిగితే, ఇంగ్లిషు రాని అమ్మమ్మ కోసం మందు సీసాల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు అతికించానని, "నేను పొద్దు చూసి వేసుకోనమ్మా, అన్నం తిన్నాక వేసుకుంటాను" అని ఆవిడ అనడంతో వాటిని తీసేసి కంచం బొమ్మలు గీశానని చెప్పింది. వాడేవాళ్లను అడగకుండా ఏదీ తయారు చేయకూడదని ఆ పిల్ల గ్రహించిన తీరే అసలైన వ్యాసం.

తల్లిదండ్రుల వలస కష్టాల గురించి రాయడం తప్పు కాదు, కానీ సగం వ్యాసం నాన్నగారి తొలి ఉద్యోగానికే సరిపోతే, చదివేవారికి పిల్లవాడి సంగతి తెలియదు. భాష కూడా పదిహేడేళ్ల వయసుకు తగ్గట్టు, టీచరుతో గౌరవంగా, చనువుగా మాట్లాడినట్టు ఉండాలి. బరువైన పదాలు వెతికి పెట్టడం, మనం కూర్చుని వాక్యాలు మార్చడం, ఏఐ చేత రాయించడం, ఈ మూడూ పిల్లల గొంతును చెరిపేస్తాయి.

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది, ముందస్తు దరఖాస్తులకు చాలా చోట్ల గడువు నవంబరు 1. అందువల్ల పదకొండో తరగతి తర్వాతి వేసవిలోనే తొలి ప్రతి రాయించి, స్కూలు తెరిచాక ఇంగ్లిషు టీచరుకు గానీ కౌన్సెలరుకు గానీ చూపించమనండి.