రెండు సబ్జెక్టులు పోయాయని ఇంట్లో ఎలా చెప్పను?

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం దగ్గర ఒక మండల కేంద్రం. నాన్నకు ఎరువుల కొట్టు ఉంది. హైదరాబాద్‌లో బీటెక్ అయ్యాక పోయిన అక్టోబరులో మాస్టర్స్ కోసం జర్మనీ వచ్చాను. తూర్పు వైపు ఒక చిన్న నగరం. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకున్నాం. నేను బయల్దేరేటప్పుడు నాన్న మా వీధి మలుపులో ఫ్లెక్సీ కూడా కట్టించారు. ఫిబ్రవరిలో మూడు పరీక్షలు రాస్తే రెండు పోయాయి, మూడోది బొటాబొటిగా గట్టెక్కింది. ఇంట్లో మాత్రం ఇంకా రిజల్ట్స్ రాలేదని చెబుతున్నాను. ఫ్లాట్‌లో నాతో ఒక జర్మన్ అమ్మాయి, ఒక చైనా అమ్మాయి ఉంటారు. ఒకసారి పోపు వేస్తుంటే జర్మన్ అమ్మాయి వచ్చి తలుపు మూసుకో అంది. ఆ రోజు నుంచి వంట మానేసి బ్రెడ్ తింటున్నాను. ఎన్ని పాసయ్యావని అడుగుతారని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి కూడా బయటికి వచ్చేశాను. రాత్రి నిద్ర రాదు, పగలు లేవలేను. డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకుతో ఇంట్లో నన్ను పోలుస్తుంటారు. ఒక్కోసారి పొద్దున లేవకుండా ఉండిపోతే బాగుండు అనిపిస్తుంది. వెనక్కి వచ్చేయాలా? వస్తే ఊళ్లో ముఖం ఎలా చూపించాలి?

జవాబు: నా కూతురి ఈడు దానివి, అందుకని నువ్వు అనే పిలుస్తానమ్మా. ఉత్తరం చివర్లో, మాట వరసకి అన్నట్టు, పొద్దున లేవకుండా ఉండిపోతే బాగుండు అని రాశావు. పరీక్షలూ లోనూ తర్వాత చూద్దాం. ముందు ఇది. బాగా అలసిపోయినప్పుడు వచ్చిపోయే ఆలోచనేనా, లేక ఏదైనా చేసుకోవాలని కూడా అనిపిస్తోందా? చేసుకోవాలని అనిపిస్తుంటే చదవడం ఇక్కడే ఆపేసి పక్క గది తలుపు కొట్టు. ఆ జర్మన్ అమ్మాయి అయినా సరే. నన్ను ఒంటరిగా వదలొద్దని చెప్పు. 112కి ఫోన్ చెయ్యి, అక్కడ అత్యవసరానికి అదే నంబరు. వచ్చిపోయే ఆలోచనే అయినా దాన్ని లోపల దాచుకోకు. నెలల తరబడి నిద్ర తారుమారై, సరైన తిండి లేక, మనసు విప్పి మాట్లాడే మనిషి లేక గడిపితే ఎంత గట్టివాళ్లకైనా ఇలాంటివి వస్తాయి. వైద్యం ఉన్న బాధ ఇది.

వైద్యం నీకు దగ్గర్లోనే ఉంది కూడా. మీ హాస్టలూ, యూనివర్సిటీ మెస్సూ నడిపే విద్యార్థి సేవా సంస్థ ఉంటుంది కదా, స్టుడెంటెన్‌వెర్క్ అని, మానసిక సలహా కేంద్రాన్నీ వాళ్లే నడుపుతారు. నువ్వు కట్టే సెమిస్టర్ ఫీజులో వాళ్ల వాటా ఉంటుంది కాబట్టి మళ్లీ డబ్బు అడగరు. ఇంగ్లిష్‌లో రెండు వాక్యాల మెయిల్ చాలు: నిద్ర పట్టడం లేదు, బతకాలనిపించడం లేదు, తొందరగా అపాయింట్‌మెంట్ కావాలి. నువ్వు చెప్పింది ప్రొఫెసర్లకు గానీ, వీసా ఆఫీసుకు గానీ, మీ ఇంటికి గానీ చేరదు. దాంతోపాటు ఒక ఫ్యామిలీ డాక్టరును కలువు. ప్రతి నెలా ఇన్సూరెన్స్ కడుతున్నావు, అది ఇలాంటి అవసరానికే. పగలంతా మత్తుగా ఉంటోంది కాబట్టి థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ డి చూడమని అడుగు. సైకోథెరపిస్టు కోసం నేరుగా వెతికితే నెలల తరబడి వెయిటింగ్ ఉంటుంది. అందుకే ముందు ఈ ఇద్దరి దగ్గరికి వెళ్లమంటున్నాను.

ఇక పరీక్షలు. నిన్ను ఓదార్చడానికి అనడం లేదు, నీ తెలివికి ఏమీ కాలేదు. నువ్వు బీటెక్ చదివిన పద్ధతి ఒకసారి గుర్తు చేసుకో. మిడ్స్ ఉండేవి, అసైన్‌మెంట్లు ఉండేవి, 75 శాతం అటెండెన్స్ లేకపోతే ఇంటికి ఫోన్ వెళ్లేది, రికార్డు మీద సంతకం పెట్టించుకోవాలి, పరీక్ష ముందు రోజు ఎవరో ఒకరు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ పంపేవాళ్లు. నాలుగేళ్లు ఎవరో ఒకరు వెనక నుంచి తోస్తూనే ఉన్నారు. అక్కడ తోసేవాళ్లే లేరు. అక్టోబరు నుంచి జనవరి దాకా క్లాసుకు వెళ్లావా లేదా అని అడిగే నాథుడు ఉండడు. ఫిబ్రవరిలో ఒకే ఒక్క పరీక్ష, చాలా సబ్జెక్టులకు మొత్తం గ్రేడు దాని మీదే. మనవాళ్లు చాలామంది లెక్చరు స్లైడ్లు పట్టుకుని బట్టీ వేస్తారు. పరీక్షలో ప్రశ్నలేమో ప్రతి వారం ఇచ్చే ఎక్సర్‌సైజు షీట్ల తరహాలో వస్తాయి. ఆ షీట్లు చేయించే క్లాసును ఉబుంగ్ అంటారు. అటెండెన్స్ లేదు కదా అని దాన్నే ఎగ్గొడతారు. నువ్వూ పగలు పడుకుని వాటినే పోగొట్టుకున్నావని నా అనుమానం.

కాబట్టి ఈ వారం చేయాల్సింది ఒకటి. దిద్దిన పేపరు చూసుకునే హక్కు అక్కడి విద్యార్థులకు ఉంది, దానికని ఒక రోజు ఇస్తారు. నువ్వు సిగ్గుపడి వెళ్లి ఉండవు. ఆ తేదీ దాటిపోయి ఉంటే ప్రొఫెసరు ఆఫీసుకు మెయిల్ రాసి ఇంకా చూడటానికి వీలుంటుందా అని అడుగు. పేపరు ముందు పెట్టుకుని, ఏ ప్రశ్నలో ఎన్ని మార్కులు పోయాయో రాసుకో. లెక్క తెలియక పోయిందా, టైమ్ సరిపోక పోయిందా, ప్రశ్న అర్థం కాక పోయిందా అన్నది తేలిపోతుంది. ఈ మూడింటికీ మందు వేరు వేరు. ఎక్కడ తప్పామో తెలియకుండా "నేను దేనికీ పనికిరాను" అనుకోవడం కన్నా ఆ అరగంట కూర్చుని చూడటం తేలిక. మీ డిపార్ట్‌మెంట్ విద్యార్థి సంఘం ఫాఖ్‌షాఫ్ట్ దగ్గర పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి, అడిగితే ఇస్తారు.

చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలుంటాయి. మూడోసారి కూడా పోతే మాత్రం ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు, దేశంలో ఇంకెక్కడా అదే కోర్సు చదవనివ్వరు. మన సప్లీలాగా ఎన్నిసార్లయినా రాసుకోవచ్చని అనుకుని మోసపోయినవాళ్లు ఉన్నారు. నీకు పోయింది మొదటిసారే. 5.0 అని, అంటే అక్కడి ఫెయిల్ గ్రేడు, చూసి గుండె జారిపోయి ఉంటుంది గానీ దానివల్ల వీసా రద్దు కాదు, మెమోలో శాశ్వతంగా మచ్చలాగా మిగలదు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, జూలైలో అన్నీ రాసేస్తానని పంతానికి పోకు. పోయిన రెండింట్లో ఒకటి, ఈ సెమిస్టర్‌వి రెండు చాలు. కొన్ని యూనివర్సిటీల్లో పోయిన పరీక్షకు మళ్లీ మన పేరు వాళ్లే చేర్చేస్తారు, కొన్నిచోట్ల మనమే రిజిస్టర్ చేసుకోవాలి. ఎగ్జామ్ ఆఫీసుకు వెళ్లి నీది ఎలాగో కనుక్కో. విత్‌డ్రా చేసుకోవడానికి చివరి తేదీ కూడా అడుగు. పరీక్ష రోజు నిజంగా లేవలేని పరిస్థితి ఉంటే డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి, వాళ్లు దాన్ని ఒప్పుకుంటే ఆ అవకాశం ఖర్చైపోదు.

వంటగది విషయం నీకు చిన్నదిగా అనిపించొచ్చు, నాకు అలా అనిపించలేదు. ఆ అమ్మాయి మాట విని నువ్వు అన్నం మానేశావు! మన దగ్గర ఎవరైనా ఇష్టం లేకపోతే ముఖం మీద అనరు, వెనక అంటారు. ముఖం మీద అన్నారంటే తెగతెంపులకి సిద్ధపడ్డట్టే. అక్కడివాళ్లు నచ్చని పని ఏదో అదొక్కటే చెప్పేసి, మరుసటి రోజు మామూలుగా హలో అంటారు. ఆమె అడిగింది కారిడార్లోకి పొగ రాకుండా తలుపు మూసుకోమని. వండొద్దని కాదు. పైగా ఆ ఇళ్లలో పొగకి మోగే అలారాలుంటాయి, ఆవాలూ ఎండుమిర్చీ మాడితే అవి ఊరుకోవు. కిటికీ తెరిచి, తలుపు మూసి, చిన్న మంట మీద పోపు వేసుకో. రేపు మధ్యాహ్నమే పప్పుచారు కాచుకో. ఆదివారం కొట్లు మూసేస్తారు కాబట్టి శనివారమే బియ్యం, కందిపప్పు చూసుకో. ఆమె ఎదురుపడితే "ఇప్పుడు వాసన పర్వాలేదా" అని నువ్వే అడుగు. ఏమంటుందో చూడు. కోపం లేదని నీకే తెలుస్తుంది.

ఇలాంటివి ఒక్కొక్కటీ చిన్నవే, అన్నీ కలిసి మనిషిని నలిపేస్తాయి. 1954లో కలెర్వో ఓబర్గ్ అనే మానవశాస్త్రవేత్త రియో డి జనీరోలో ఒక మహిళా క్లబ్బులో మాట్లాడుతూ, పరాయి దేశం వెళ్లినవాళ్లకు వచ్చే ఈ అవస్థను ఒక జబ్బును వర్ణించినట్టు వర్ణించాడు. మొదటి వారాల్లో అన్నీ అందంగా కనిపిస్తాయి. తర్వాత నీళ్ల మీదా తిండి మీదా అనుమానం, చిన్నదానికీ కోపం, శూన్యంలోకి చూస్తూ కూర్చోవడం, ఎలాగైనా ఇంటికెళ్లిపోవాలన్న తపన. నువ్వు ఇప్పుడు ఉన్నది సరిగ్గా అక్కడే. పైగా నువ్వు దిగిన నెల ఎలాంటిది! అక్టోబరు తర్వాత అక్కడ రోజు రోజుకీ పగలు తరిగిపోయి, డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడుతుంది. ఖమ్మం ఎండలో పెరిగిన పిల్లకి అది మామూలు మార్పు కాదు. ఇప్పుడు వసంతం, రాత్రి ఎనిమిది దాటినా వెలుతురు ఉంటుంది. రోజూ ఒక గంట బయట నడువు. యూనివర్సిటీ ఆటల విభాగంలో తక్కువ ఫీజుకే బ్యాడ్మింటనో, వాలీబాలో నేర్పుతారు. జర్మన్ క్లాసులో చేరినా మంచిదే. వాటికి నైపుణ్యం కోసం కాకుండా, వారానికి రెండుసార్లు నీ పేరు పిలిచే మనుషుల కోసం వెళ్లు.

తెలుగువాళ్లకు కూడా దూరంగా ఉండొద్దు. గ్రూపులో మళ్లీ చేరకపోయినా సరే, అందులో కాస్త నెమ్మదిగా ఉండే సీనియర్ అమ్మాయి ఒకరు ఉంటారు. ఆమెకు విడిగా మెసేజ్ పెట్టు. ఎన్ని పాసయ్యావని అడిగితే "ఒకటే పాసయ్యాను, రెండు పోయాయి" అను. రెండు నిమిషాల్లో ఆమె తన సంగతి చెప్పడం మొదలుపెడుతుంది, ఎందుకంటే మొదటి సెమిస్టర్‌లో అన్నీ పాసైనవాళ్లు మీలో ఎక్కువమంది ఉండరు.

ఇక నాన్నకు చెప్పడం. ఇది ఇంకా నాన్చొద్దు. నువ్వు దాస్తున్నది రిజల్టు ఒక్కటే కాదు, దాని వెనక నీ నిద్ర, నీ తిండి, నీ ఏడుపు అన్నీ దాగిపోయాయి. నీకు అందరికన్నా అండగా నిలిచే ఇద్దరు మనుషులకు నీ పరిస్థితే తెలియదు. రోజూ వీడియో కాల్‌లో నవ్వు ముఖం పెట్టి, కట్ చేశాక గంటసేపు ఏడుస్తూ ఉండి ఉంటావు. ఆ నటనకే నీ ఓపికంతా అయిపోతోంది.

నాన్న కొట్లో ఉన్నప్పుడు ఫోన్ చెయ్యకు, యూరియా బస్తాల కోసం వచ్చిన రైతులు పక్కన ఉంటారు. ఆయన కొట్టు కట్టేసి, భోజనం చేసి కూర్చునే రాత్రి పదింటికి చెయ్యి. ఇప్పుడు నీకూ వాళ్లకూ తేడా మూడున్నర గంటలు కాబట్టి నీకు సాయంత్రం ఆరున్నర అవుతుంది. అమ్మను కూడా పక్కన కూర్చోమను. ముందుగా చెప్పాల్సింది మార్కులు కాదు. "నాన్నా, కొన్ని నెలలుగా నాకు ఒంట్లో బాగుండటం లేదు, నిద్ర పట్టడం లేదు, ఇక్కడ డాక్టరుకు చూపించుకుంటున్నాను. మీరు బాధపడతారని దాచాను. రెండు సబ్జెక్టులు పోయాయి. మళ్లీ రాసే అవకాశం ఉంది, ఎప్పుడు రాయాలో చూసుకున్నాను." ఇంతే. ఆయన మొదట అరవొచ్చు. లోన్ సంగతి ఎత్తొచ్చు, పెదనాన్న కొడుకు పేరు కూడా రావొచ్చు. అప్పుడు వాదించకు, ఫోన్ పెట్టేయకు, ఏడుపొస్తే ఏడువు. చాలామంది తండ్రులకు మొదటి పది నిమిషాల కోపం భయమే. మర్నాడు పొద్దున ఆయనే చేస్తారు.

డబ్బు సంగతి కూడా అప్పుడే తెరిచి మాట్లాడుకోండి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేసి ఉంటారు, నెలకు 992 చొప్పున నీకు వస్తున్నాయి. ఈ శరదృతువులో అక్కడ ఉండటానికిచ్చిన పర్మిట్ పొడిగించుకోవాలంటే రెండో ఏడాది ఖర్చుకు ఆధారం చూపించాలి. అది ఎక్కడి నుంచి వస్తుందో నాన్నతో కలిసి లెక్క వేసుకో. నువ్వొక్కదానివే మోస్తే అది కొండంత కనిపిస్తుంది. జూలై దాకా పార్ట్‌టైమ్ జాబ్ జోలికి వెళ్లొద్దని నా మాట. ఆరోగ్యం కుదుటపడ్డాక యూనివర్సిటీలోనే స్టూడెంట్ అసిస్టెంట్ పని వెతుక్కో. ఏడాదికి 140 పూర్తి రోజులు అన్న పరిమితిలోకి కూడా ఆ పని రాదు. డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకుతో పోలిక వస్తే ఒక్క మాట చెప్పు: అమెరికాలో ఒక సబ్జెక్టు మళ్లీ తీసుకోవాలంటే వేల డాలర్లు కట్టాలి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజే ఉండదు. ఇక్కడ ఒక సెమిస్టర్ ఆలస్యమైతే పోయేది ఖర్చులూ, కొంత కాలమూను.

వెనక్కి వచ్చేయాలా అన్నదానికి ఇప్పుడు జవాబు వెతకొద్దు. నిద్రలేని మనిషి తీసుకోవాల్సిన నిర్ణయం కాదది. పరీక్షలయ్యాక, సెప్టెంబరు మొదటి వారంలో కూర్చుని ఆలోచించు. అప్పటికి వైద్యం మొదలై, అన్నం తింటూ, ఒకటో రెండో పరీక్షలు గట్టెక్కి ఉంటే ఉండిపో. ఇవన్నీ చేశాక కూడా పొద్దున లేవబుద్ధి కాకపోతే, ఆ చదువు మీదే మనసు లేకపోతే, వచ్చేయ్. అకౌంట్‌లో మిగిలిన డబ్బు నీదే, పద్ధతి ప్రకారం క్లోజ్ చేస్తే వాపసు వస్తుంది. లోన్ కష్టమే, కాదనను, అయినా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి తీర్చినవాళ్లు ఉన్నారు. ఊళ్లో వాళ్లు నాలుగు రోజులు అంటారు, ఐదో రోజు ఇంకొకరి సంగతి దొరుకుతుంది. ఒకవేళ డాక్టరు అంతకుముందే వెళ్లిపొమ్మంటే మాత్రం సెప్టెంబరు దాకా ఆగకు.

ఫోన్ చేసిన మర్నాడు ఈ జవాబు నాన్నకు పంపించు. ఆయనకు నా మాటలు ఇవి: అయ్యా, ఓ రెండు నెలలు అమ్మాయిని మార్కుల గురించి వారానికి ఒక్కసారికి మించి అడగకండి. మిగతా రోజుల్లో ఏం వండుకుంది, ఎంతసేపు పడుకుంది, ఎవరితో మాట్లాడింది అడగండి. బంధువులు ఆరా తీస్తే "బాగా చదువుకుంటోంది, ఇంకా టైముంది" అని మీరే కొట్టిపారేయండి, ఆ భారం పిల్ల మీద వేయొద్దు. మీకే గుండె దడగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.