సుంకం పది శాతమే, బిల్లు మాత్రం దాదాపు నలభై!

ప్రశ్న: విదేశం నుంచి టెలిస్కోప్ తెప్పించుకుంటున్నాను. సుంకం 10 శాతమే అన్నారు. కొరియర్ వాళ్లేమో ధరలో దాదాపు 40 శాతం కట్టమంటున్నారు. మోసమా?

జవాబు: కాకపోవచ్చండీ. చాలా దేశాల్లో సుంకాన్ని వస్తువు ధరకు రవాణా, బీమా ఖర్చులు కలిపి, ఆ మొత్తం మీద వేస్తారు. ఆ సుంకాన్నీ కలుపుకుని, పైన అమ్మకం పన్ను. ధర 100, రవాణా, బీమా 20 అనుకోండి. 120 మీద సుంకం 12. పన్ను రేటు 20 శాతమైతే 132 మీద 26.40. వెరసి 38.40. కొరియర్ వాళ్లు తమ డబ్బుతో ముందుగా కట్టేస్తే దానికి రుసుము వేరే. రసీదులో ఆ వరుస విడిగా ఉందో లేదో చూడండి.

అసలు తిప్పలన్నీ ఇన్‌వాయిస్‌తోనే. 'ఆప్టికల్ పరికరం' అని ముక్తసరిగా రాస్తే కస్టమ్స్ అధికారి దాన్ని ఏ కోడ్ (సుంకం రేటు తేల్చేందుకు వస్తువు రకానికి ఇచ్చే సంఖ్య) కింద వేస్తారో చెప్పలేం. 'ఖగోళ టెలిస్కోప్, 9005.80' అని రాయించండి. మొదటి 6 అంకెలు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే.

ప్రశ్న: 'బహుమతి' అని రాయించి ధర తగ్గిస్తే?

జవాబు: వద్దు. చెల్లింపు రుజువు అడిగితే దొరికిపోతారు, జరిమానా తప్పదు. పైగా దారిలో అద్దం పగిలితే బీమా వచ్చేది ఆ రాయించిన తక్కువ ధరకే.