కరెంటు మీటరు దగ్గర మొదలుపెట్టు

శ్రీకాకుళం

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పాత అలవాటు. 'మాస్టారూ, మొహమాటపడకుండా చెప్పండి' అన్నావు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: మొదటి రెండు పేజీలు తీసెయ్.

మెట్రిక్స్ లైబ్రరీని, అంటే ప్రోగ్రాం ఎలా నడుస్తోందో అంకెల్లో చెప్పే కోడుని, ఎలా ఇన్‌స్టాల్ చేయాలో, దాంట్లో ఏమేం ఉన్నాయో ఆ రెండు పేజీల్లో వరసగా చెప్పావు. తప్పులేం లేవు. కానీ ఆ అంకెలు ఎవరికి, ఎందుకు కావాలో ఎక్కడా లేదు. మూడో పేజీకి వచ్చాక గానీ మీ అన్నయ్య కనిపించలేదు. పలాస జీడిపప్పు అమ్మే అతని సైటుకి పండగ ముందు ఆర్డర్లు ఆగిపోయాయి. సైటు పాడైందా, కొనేవాళ్లే లేరా అని రాత్రంతా టెన్షన్ పడ్డాడన్నావు. నీ వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడ. ఆ రాత్రి అతను వేసుకున్న ప్రశ్న ముందు రాయి. దానికి ఏ అంకె జవాబు చెబుతుందో తర్వాత రాయి.

ఇక మాటలు. ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టే కౌంటర్‌ని 'గణకి' అన్నావు, ఇప్పుడు ఎంత ఉందో చూపించే గేజ్‌ని 'మాపకం' అన్నావు. విజయనగరంలో నీతో పనిచేసేవాళ్లెవరైనా 'గణకి ఒకటి పెంచు' అంటారా? కౌంటర్ అంటే టికెట్ల కౌంటర్ అనుకుంటారేమోనని నీ భయం. అనుకోవచ్చు. టెక్కలి వైపు నా వయసు వాళ్లకి గేజ్ అంటే నౌపడా–గుణుపురం నారోగేజ్ చిన్న రైలే గుర్తొస్తుంది. అయినా మాట మార్చకు. దాని పక్కన వాళ్లెరిగిన వస్తువు ఒకటి పెట్టు.

కౌంటర్ పక్కన కరెంటు మీటరు పెట్టు. అది పెరగడమే తప్ప తగ్గదు. 48,210 అని చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు, పోయిన నెల రీడింగు తీసేస్తేనే వాడిన యూనిట్లు తేలతాయి. ఇలాంటి అంకెలు పోగుచేసే ప్రొమీథియస్ అనే సాఫ్ట్‌వేర్‌లో రేట్ అనే ఫంక్షన్ చేసేది దాదాపు ఇదే, కాకపోతే సెకనుకి ఎంత అని చెబుతుంది. కొత్త మీటరు బిగిస్తే అంకె మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కదా, ప్రోగ్రాం రీస్టార్ట్ అయినా అంతే. అంకె తగ్గిందంటే మొదటికొచ్చిందని రేట్ గ్రహించి లెక్క సరిచేసుకుంటుంది.

గేజ్ పక్కన గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార నీటిమట్టం పెట్టు. అది పెరుగుతుంది, తగ్గుతుంది. చూసిన క్షణానికే ఆ అంకె నిజం. గంటకోసారే చూస్తే మధ్యలో నీరు ఎగదన్ని దిగిపోయినా రిజిస్టరుకి ఎక్కదు. ప్రొమీథియస్ కూడా, మనం సెట్టింగ్ మార్చకపోతే, నిమిషానికోసారే వచ్చి చూస్తుంది. ఈలోగా సర్వర్‌లో ఆగిన పనుల క్యూ నిండి ఖాళీ అయిపోతే గేజ్‌లో జాడే ఉండదు. కౌంటర్ అలా కాదు, మధ్యలో జరిగినవన్నీ కలుపుకునే ఉంటుంది. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన ఈ తేడా మీద నిండా ఒక పేజీ రాయి.

చరిత్రకి మాత్రం రెండు ముక్కలు చాలు. 2011లో ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడి వాళ్లు బయటపెట్టిన, అంకెలు పోగుచేసే స్టాట్స్‌డీకి యూడీపీలో, అంటే చేరిందో లేదో చూడని పద్ధతిలో, అంకెలు పంపడమంటే పోస్టుకార్డు డబ్బాలో వేసి మన పనిలో మనం పడడం లాంటిది. చేరకపోయినా తెలియదు, అలాగని సైటూ ఆగదు. 2012లో సౌండ్‌క్లౌడ్ అనే పాటల సైటు కంపెనీలో మొదలైన ప్రొమీథియస్ మీటరు రీడింగు మనిషిలా తనే ఇంటింటికీ వస్తుంది.

సగటు మీద నువ్వు పెట్టుకున్న నమ్మకం చూస్తే భయమేసింది. వందమందిలో 95 మందికి పేజీ 0.1 సెకనులో తెరుచుకుంది, అయిదుగురికి 10 సెకన్లు పట్టింది అనుకో. సగటు సుమారు 0.6 సెకను. అసలు 0.6 సెకను ఆగిన మనిషి ఆ వందమందిలో ఒక్కరు కూడా లేరు! హిస్టోగ్రామ్ ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఈ లెక్క చాలు. అది ఎంతమందికి ఎంత పట్టిందో గంపల వారీగా, అంటే ఇన్ని సెకన్ల లోపు ఇంతమంది అని, లెక్కపెడుతుంది. రెండు సర్వర్ల గంపల లెక్కలు కలపొచ్చు, రెండు సర్వర్ల సగటులకి మళ్లీ సగటు కడితే మాత్రం తప్పు రావచ్చు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒకప్పుడు ఓ కంపెనీకి ఇలాంటి లైబ్రరీ గైడు రాశాను. ఉదాహరణ ముచ్చటగా ఉంటుందని లేబుల్‌లో, అంటే అంకెని రకాలుగా విడగొట్టే చీటీలో, కస్టమర్ ఫోన్ నంబరు పెట్టాను. పాఠకులు మన వివరణ చదవరమ్మా, ఉదాహరణ కాపీ చేసుకుంటారు. చేసుకున్నారు కూడా. చెల్లింపు పద్ధతులు అయిదు, ఆర్డర్ స్థితులు నాలుగు అయితే, ఒక్కో జతకీ ఒకటి చొప్పున 20 వరసల అంకెలు. దానికి పదివేల మంది ఫోన్ నంబర్లు తగిలిస్తే రెండు లక్షల వరసలు. మెమొరీ నిండి సర్వర్ కూలబడింది. అర్ధరాత్రి ఫోను నాకొచ్చింది. అదీగాక, పరాయివాళ్ల ఫోన్ నంబరు ఆ లెక్కల్లో ఉండడమే తప్పని నాకు అప్పుడు తట్టలేదు. నీ ఉదాహరణలో పిన్‌కోడ్ లేబుల్‌గా ఉంది. జిల్లా పెట్టు, చాలు.

ఫోన్ నంబరు లాంటి వివరం కావాల్సివస్తే అది ఈవెంట్ పని, అంటే జరిగిన ఒక్కోదాన్నీ వివరాలతో విడిగా రాసుకునే నమోదు. 37 ఆర్డర్లు ఆగాయని కౌంటర్ చెబుతుంది. ఎవరివి, ఎన్ని గంటలకి, బ్యాంకు కాదందా, అడ్రసు తప్పా అన్నది ఈవెంట్‌లోనే ఉంటుంది. అయితే ప్రతి ఈవెంట్‌నీ విడిగా దాచాలి, దానికి డబ్బవుతుంది, ఎవరికి చూపించాలో కట్టుదిట్టం ఉండాలి. అంకె చవక, ఎందుకంటే వివరం పారేసింది. ఏ మెట్రిక్ గురించి రాసినా అది ఏం పారేసిందో ఒక వాక్యం రాయి. నీ వ్యాసం మొత్తంలో నాకు కనబడని వాక్యం అదే.

తిరగరాశాక నాకంటే ముందు అన్నయ్యకి చదివి వినిపించు. ఎక్కడ అతను ఫోను చూసుకుంటాడో అక్కడ పెన్సిలుతో గీత పెట్టి ఆ కాపీయే నాకు పంపు. జీడిపప్పు పంపిస్తానన్నాడట. ముక్కలైనా పరవాలేదని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు