మీ ప్రశ్నలకి జవాబులు: నాలుగు గొంతుల పాట

ప్రశ్న: మాది వన్ టౌన్‌లో చర్చి క్వయర్, మొత్తం 14 మందిమి. ప్రతి క్రిస్మస్‌కీ అవే పాత కేరల్స్. ఇప్పటి బ్రిటన్ కంపోజర్లవి పాడదామని యూట్యూబ్‌లో చూస్తే అన్నీ పెద్ద పెద్ద క్వయర్లే. మాలాంటివాళ్లకి పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయాండీ?
- ఒక పాఠకురాలు

జవాబు: ఎందుకు లేవమ్మా, బోలెడు. జాన్ రట్టర్‌తో మొదలెట్టండి. 1945లో లండన్‌లో పుట్టారాయన, స్కూల్లో తనకి మ్యూజిక్ నేర్పిన మాస్టారు పోతే ఆయన జ్ఞాపకార్థం 1981లో 'ద లార్డ్ బ్లెస్ యూ అండ్ కీప్ యూ' అనే చిన్న పాట రాశారు. మాటలు మన సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోవే, "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అని ఆరాధన చివర పాస్టరుగారు చెప్తారే, అదే దీవెన. అంచేత అర్థం ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు, చివరి ఆమెన్ దగ్గర గొంతులు ఒకదానిలో ఒకటి అల్లుకునే చోట మాత్రం బాగా కష్టపడాలి.

ప్రాక్టీస్‌లో ఆల్టోలకి, అంటే ఆడవాళ్లలో కింది గొంతు పాడేవాళ్లకి, ముందు నేర్పండి. సొప్రానో, అంటే ఆడవాళ్ల పై గొంతు ట్యూన్ వింటే చాలు ఎవరికైనా పట్టుబడిపోతుంది, అది ఒకసారి చెవిలో పడిందంటే ఆల్టోలు తెలీకుండానే అటు జారిపోతారు, మా క్వయర్లో మేం ఏళ్ల తరబడి చేసిన తప్పు ఇదే. ఇంకోటి, పాట స్వరాలు అచ్చేసిన నోట్స్ ఒక్కటి కొని జిరాక్సులు తీయించి పంచకండి, ఎంతమంది ఉంటే అన్ని కాపీలు కొనండి, రాసినాయన కష్టం అది.

ప్రశ్న: నేను పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. క్వయర్ వింటుంటే నాలుగు గొంతులు నాలుగు దారుల్లో పోతుంటాయి, ఏది పట్టుకోవాలో అర్థం కాదు. ఎలా వినాలి?
- సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీకోసమే అన్నట్టు ఒక పాట ఉందండీ, జాన్ టావెనర్ రాసిన 'ద లాంబ్'. విలియం బ్లేక్ కవిత. తన నెఫ్యూ మూడో పుట్టినరోజు కోసం 1982లో రాశారు. మొదట సొప్రానోలు ఒక్కళ్లే పాడతారు, వాళ్ల మొదటి స్వరాన్ని షడ్జమం అనుకుంటే స గ రి ని స, అంతర గాంధారం, చతుశ్రుతి రిషభం, కాకలి నిషాదం, అంతే, హాయిగా ఉంటుంది. తర్వాత అదే లైన్ మళ్లీ పాడుతుంటే కింద ఆల్టోలు దాన్ని అద్దంలో చూపించినట్టు తిరగేసి స ద ని రి స అంటారు, పైన ఎంత ఎక్కితే కింద అంత దిగుతారు, అంచేత వాళ్లకి పడేది శుద్ధ ధైవతం, కైశికి నిషాదం, శుద్ధ రిషభం. రెండు రకాల నిషాదాలు, రెండు రకాల రిషభాలు ఒకదాని వెంటే ఒకటి వచ్చి ఢీకొంటాయి, మన చెవికి మొదట అపస్వరం అనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ ఆఖర్న రెండు గొంతులూ ఒకే షడ్జమం మీదకి వచ్చి కలిసినప్పుడు ఆ ఒరుసుకోవడం ఎందుకో తెలుస్తుంది. ఏదో ఒక లైన్ పట్టుకోవాలని చూడకండి, రెండు స్వరాల మధ్య దూరం వినండి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో రాగం, తాళం రాసి ఉంటాయి కదా, అక్కడ పాట ముందుకి నడుస్తుంది, ఇక్కడ నిలువునా కూడా కట్టుకుంటుంది. పైగా ఈ పాటకి వాయిద్యాల్లేవు, శ్రుతిపెట్టె లేదు, పక్కవాడి గొంతే శ్రుతి.

అన్నట్టు రట్టర్, టావెనర్ ఇద్దరూ లండన్‌లో ఒకే స్కూల్లో చదువుకున్నారు. రట్టర్‌కి మ్యూజిక్ నేర్పిన ఆ మాస్టారి గురించి ఎప్పుడు తలుచుకున్నా నాకు మనసు నిండిపోతుంది.

ప్రశ్న: ఇదంతా చర్చి సంగీతమేనా సార్? నేను క్రిస్టియన్‌ని కాదు, నేను వినడానికేముంది?
- గాజువాక నుంచి ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: కాదు బాబూ. అఫ్గానిస్తాన్ వెళ్లిన సైనికులకీ వాళ్ల భార్యలకీ మధ్య నడిచిన ఉత్తరాల్లోంచి మాటలు తీసుకుని పాల్ మీలర్ 'వేరెవర్ యూ ఆర్' కట్టారు, పాడింది ఆ భార్యలే, 2011 క్రిస్మస్‌కి బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్ అదే.

నువ్వు మాత్రం కార్ల్ జెంకిన్స్ 'ది ఆర్మ్‌డ్ మాన్' విను. వేల్స్ ఆయన. 2000లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో మొదటిసారి పాడారు, కొసొవో యుద్ధంలో బలైనవాళ్లకి అంకితం. పేరుకి మాస్, అంటే చర్చి ఆరాధన రూపమే, కానీ అందులో అజాన్ ఉంది, హిరోషిమా బాంబు నుంచి బతికి బయటపడ్డ కవి మాటలున్నాయి, 'టార్చెస్' అనే భాగంలో మన మహాభారతం ఉంది. మంటల్లో చిక్కుకున్న జంతువులు అరుస్తూ దిక్కులకి పరిగెత్తడం, ఆదిపర్వంలో ఖాండవ దహనం అది. మనం చిన్నప్పటి నుంచి ఆ కథ అర్జునుడి వైపు నుంచే విన్నాం, ఆ క్వయర్ కాలిపోయేవాళ్ల వైపు నుంచి పాడుతుంది. మన విశాఖ హార్బర్ పక్కన మూడు కొండల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి పక్కపక్కనే చూస్తూ పెరిగాం కాబట్టి ఇవన్నీ ఒకే పాటలో ఉన్నాయంటే మనకి వింతేం కాదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను, ఫోన్ స్పీకర్లో బేస్, అంటే మగవాళ్ల కింది గొంతులు వినపడవు.

ప్రశ్న: ఇలాంటివి లైవ్‌గా ఎప్పుడు వినొచ్చు?
- మధురవాడ

జవాబు: డిసెంబర్ 24, మన టైమ్ రాత్రి ఎనిమిదిన్నరకి, కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ చాపెల్ నుంచి బీబీసీ రేడియోలో. ఆ క్రిస్మస్ ఆరాధన 1918లో మొదలైంది, 1983 నుంచి దానికోసం ఏటా ఒక కొత్త కేరల్ రాయిస్తున్నారు. ముందు ఒక చిన్నబ్బాయి ఒక్కడే పాడతాడు, ఆలస్యం చేస్తే అది పోతుంది.